పెద్దమ్మకు తెలిసిన మాట

ఆ వానాకాలం మా ఇంట్లో ఫ్యాన్ పడుకునేది. కరెంటు పోయిందంటే చాలు, "ఫ్యాన్ పడుకుంది" అనేవాళ్ళం. గోడ గడియారం నిద్రపోయేది. వాన అలిసిపోయేది. బయటివాళ్ళెవరైనా వింటే మా ఇంటిల్లిపాదికీ కవిత్వం పట్టుకుందనుకునేవాళ్ళు. సంగతేమిటంటే, మా తమ్ముడి ముందు 'ఆగు' అన్న మాట, దాని పిల్లాజెల్లాతో సహా, ఎవరూ అనకూడదు.

తమ్ముడు రైలింజను డ్రైవరు. వానలు మొదలవడానికి కాస్త ముందు, ఒక ఉదయం, మలుపు దాటగానే పట్టాల మీద సైకిలుతో ఒక పెద్దాయన కనబడ్డాడు. వీడు హారన్ కొట్టాడు, బ్రేకు లాగాడు. రైలంటే రిక్షా కాదుగా, బ్రేకు వేసిన చోట నిలబడ్డానికి. అది ఆ పెద్దాయన్ని దాటి చాలా దూరం వెళ్ళాక గానీ నిలబడలేదు. వీడి పక్కన కూర్చునే అసిస్టెంటు తర్వాత మా ఇంటికి వచ్చి నాకు చెప్పాడు. "బ్రేకు పిడి పట్టుకుని, 'ఆగు, ఆగవే తల్లీ, ఆగు' అని బండిని బతిమాలాడక్కా. బండితో మాట్లాడాడు. నేనెప్పుడూ అలాంటి గొంతు వినలేదు."

తప్పు నీది కాదని విచారణకు వచ్చినవాళ్ళు చెప్పారు, తోటి డ్రైవర్లు చెప్పారు, మేమూ చెప్పాం. వాడికీ తెలుసు. తెలిస్తే ఏం లాభం? వాళ్ళ క్వార్టర్సు లైను పక్కనే. రైలు వెళ్ళినప్పుడల్లా కుడి చెయ్యి దానంతట అది పిడికిలి బిగుసుకునేది. అక్కడ ఉండలేక, పెళ్ళాన్నీ కూతుర్నీ అక్కడే వదిలి మా ఇంటికి వచ్చాడు.

వచ్చిన రోజు సాయంత్రం నేను వంటింట్లో మిక్సీ వేస్తుంటే మా ఆయన హాల్లోంచి "ఆపవే బాబూ ఆ గోల!" అని అరిచారు. తమ్ముడి చేతిలో గ్లాసు కింద పడింది. వాడు గ్లాసు వంక చూడనేలేదు. బిగుసుకున్న పిడికిలిని రెండో చేత్తో విప్పుకోవాలని చూసి, విప్పుకోలేక, పెరట్లోకి వెళ్ళిపోయాడు. మా ఆయన ముఖం మాడిపోయింది. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్తారు, ఇంట్లో జోకులు చెప్తారు, రెంటికీ జనం భయపడతారు. ఆ పూట మాత్రం ఏ జోకూ వెయ్యకుండా చట్టం చేసేశారు, ఇక మీదట ఈ ఇంట్లో ఆ మాట వినబడకూడదని.

చట్టం చెయ్యడానికేం, పార్లర్ నడిపేది నేను. మా ముందు గదిలోనే నా బ్యూటీ పార్లర్. కనుబొమలకు దారం వేస్తుంటే ఏ ఆడదైనా మొదట అనే మాటేమిటి? "ఆపండి, ఆపండి!" అందుకని కుర్చీలో కూర్చోబెట్టే ముందే ప్రతివాళ్ళకీ చెప్పుకునేదాన్ని. "నొప్పి పుడితే చాలు అనండి, అబ్బా అనండి, నన్ను తిట్టండి, పడతాను. ఆ ఒక్క మాట మాత్రం వద్దు." కొందరు నవ్వేవాళ్ళు. ఒకావిడ నాకు మతి చలించిందనుకుని పక్క వీధి పార్లర్‌కి మారిపోయింది.

ఆదివారాలు మరదలు పిల్లని తీసుకుని వచ్చేది. పిల్ల ఒకటో తరగతి, మేమంతా చిట్టి అంటాం. అది గేటు దగ్గర్నుంచే "నాన్నా" అంటూ పరుగు తీసేది. ఎదురుగా పరిగెత్తుకొచ్చే దేన్నీ వాడు చూడలేకపోయేవాడు. కత్తివాటుకు నెత్తురు చుక్క లేనట్టు అయిపోయి, లేచి వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. పిల్ల ఏడ్చేది కాదు. తలుపు బయట బాసింపట్టు వేసుకుని కూర్చుని సందులోంచి కబుర్లు చెప్పేది.

"నాన్నా, వింటున్నావా?"

"ఊఁ."

"ఏం చెప్పానో చెప్పు."

వాడు పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు. అన్నీ వినేవాడు. ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకునేవాడు కాదు.

మరదలు పోస్టాఫీసు కౌంటర్లో పని చేస్తుంది. ఒక ఆదివారం నాతో పాటు గిన్నెలు తుడుస్తూ మామూలు గొంతుతోనే చెప్పింది. "వదినా, మా అమ్మ వాళ్ళ ఊరికి బదిలీ ఇస్తామంటున్నారు. వానలు వెళ్ళేలోగా ఔననో కాదనో చెప్పాలి."

"నువ్వు అడిగావా?"

"నేనెందుకు అడుగుతాను? ఆయనే వెళ్ళమంటున్నారు. 'నా దగ్గరుంటే పిల్లకి మంచిది కాదు, తీసుకుని వెళ్ళిపో' అంటున్నారు. వెళ్ళానంటే మళ్ళీ మేం ముగ్గురం ఒక ఇంట్లో ఉండం వదినా. నాకు తెలుసు."

అంత మాట చెప్పి, చేతిలో గిన్నె బోర్లించి, ఇంకో గిన్నె అందుకుంది. మరదలి నిబ్బరం చూసి నాకే ఏడుపొచ్చింది.

వైద్యం చేయించలేదని కాదు. పెద్దాసుపత్రిలో మాత్రలిచ్చారు, వేసుకునేవాడు. మాట్లాడించే డాక్టరు దగ్గరికి వారం వారం వెళ్ళి, మాట్లాడకుండా కూర్చుని వచ్చేవాడు. ఆవిడ విసుక్కునేది కాదు, "రావడం మానకండి, అది చాలు" అనేదట.

ఇలా ఉండగా ఒకరోజు నా పార్లర్‌కి డాక్టరమ్మ వచ్చింది. పశువుల డాక్టరు. నెలకోసారి జుట్టు కురచగా కత్తిరించుకోవడానికి వచ్చేది. ముక్కు కాస్త వంకర, గుర్రం తన్నిందట. జుట్టు విప్పితే గడ్డిపరకలు రాలేవి.

"ఇక్కడికి వచ్చేముందు గడ్డివాములో దూరి వస్తారా?" అన్నాను.

"నువ్వు ఉచితంగా దులుపుతావని" అంది. అప్పుడే పక్క కుర్చీలో కూర్చున్నావిడకి నేను నా చట్టం వినిపించాను. డాక్టరమ్మ అద్దంలోంచి నన్ను చూసింది. "ఏమిటా మాట? ఎందుకు వద్దు?"

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె జుట్టు పూర్తయ్యేలోగా మొత్తం చెప్పేశాను, బదిలీ సంగతితో సహా. ఆమె మెడ మీది వెంట్రుకలు దులుపుకుంటూ, "మా చోటికి ఒకసారి తీసుకురా" అంది. ఊరి చివర ఆమెకి నాలుగు గుర్రాలున్న షెడ్డు ఉంది. చూడరానివి చూసినవాళ్ళు, పడరాని పాట్లు పడ్డవాళ్ళు అక్కడికి వచ్చి ఆ గుర్రాలతో పని చేస్తారట. తమ్ముణ్ణి చూసే డాక్టరే కొందర్ని పంపుతుందట.

"గుర్రం ఏం వైద్యం చేస్తుందండీ?"

"దాని దగ్గర నటించలేం, అంతే. పైకి నవ్వుతూ లోపల వణికేవాణ్ణి పక్కన నిలబెట్టు, అది వణుకునే చూస్తుంది. భయం సంగతి గుర్రానికి తెలిసినంత ఎవరికీ తెలీదమ్మా. అడవిలో దాన్ని అందరూ వేటాడినవాళ్ళే కదా."

రాత్రి భోజనాల దగ్గర చెప్తే మా ఆయన చెయ్యి కడుక్కుంటూ, "గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడమని సామెత విన్నాను గానీ, మా బావమరిదితో నిజంగానే తోమిస్తారన్నమాట" అన్నారు. మర్నాడు పొద్దున్నే స్కూటర్ తుడిచి, "పదరా" అని తమ్ముణ్ణి వెనక ఎక్కించుకున్నదీ ఆయనే. నేను ఆటోలో వెనకాలే వెళ్ళాను. నేను లేకుండా ఏదీ సరిగ్గా జరగదని నాకో నమ్మకం.

రేకుల షెడ్డు, ముందు కర్రల కంచె కట్టిన పెద్ద ఖాళీ జాగా, అంతా తడి మట్టి. తమ్ముడికి డాక్టరమ్మ చూపించిన గుర్రం పేరు పెద్దమ్మ. గోధుమరంగు ముసలి గుర్రం, నడుం కాస్త వంగింది, కింది పెదవి వేలాడుతూ ఉంది. వయసులో పందేల్లో పరిగెత్తేదట.

"ఎన్ని గెలిచింది?" అన్నారు మా ఆయన.

"ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఆఖర్నే, అదీ తీరుబడిగా. పక్కగుర్రాలు దూసుకుపోతుంటే దారిలో గడ్డి వంక చూసేదట." డాక్టరమ్మ ఇది చెప్పినప్పుడు ఆమె గొంతులో ఎంత గర్వమో. సొంత కూతురు ఫస్టు ర్యాంకు తెచ్చుకున్నట్టే చెప్పింది.

నేనేదో జరుగుతుందనుకున్నాను. గుర్రం వాడి కళ్ళలోకి చూస్తుందనీ, వాడు దాని మెడ కౌగిలించుకుంటాడనీ. పెద్దమ్మ మాకేసి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, తోక ఊపుకుంటూ గడ్డి తింది. ఆ పూటంతా మేం దాని వీపు చూసి ఇంటికి వచ్చాం.

మొదటి రోజుల్లో వాడి పని లద్ది ఎత్తడం, గడ్డి వెయ్యడం. "ఇంజను నడిపినవాడి చేత లద్ది ఎత్తిస్తారా" అని నేను గొణిగాను. వాడు మాత్రం మర్నాడు నేను పిలవకముందే తయారై కూర్చున్నాడు. అక్కడ ఎవరూ వాణ్ణి ఏమీ అడగరు, అందుకనుకుంటా. మంటల్లోంచి తోటివాణ్ణి బయటికి తేలేకపోయిన ఫైర్‌మన్ ఒకాయన వచ్చేవాడు. ఆయన బక్కెట్టు బోర్లించుకుని కూర్చుని నల్లగుర్రానికి పేపరు చదివి వినిపించేవాడు, క్రీడల పేజీతో సహా. వరదలో ఇల్లు కొట్టుకుపోయిన ఒకావిడ, నీళ్ళ చప్పుడంటేనే చెవులు మూసుకునే మనిషి, గుర్రాలకి దాహమేస్తుందని తొట్టి నింపడం మొదలుపెట్టింది. వీళ్ళని చూశాక నా గొణుగుడు నేనే మింగేశాను.

తర్వాత దాని ఒంటికి మాలీషు, ఆ తర్వాత పగ్గం. అసలు కష్టం అక్కడే వచ్చింది. పగ్గం పట్టుకుని పక్కన నడవాలి, తాడు మధ్యలో వదులుగా కిందికి వేలాడాలి. వాడి చెయ్యి తాడు తగలగానే బిగుసుకునేది. చెయ్యి బిగిస్తే పెద్దమ్మ నాలుగు కాళ్ళూ నేలలో పాతేసేది.

"రౌతు కొద్దీ గుర్రమని ఊరికే అనలేదు బాబూ" అనేది డాక్టరమ్మ. "నువ్వు బిగిస్తే అదీ బిగిస్తుంది. దాన్ని లాగకు. చెయ్యి ఎప్పుడు విప్పుతావో అది చూసుకుంటుంది."

వాడు నిలబడేవాడు, అది నిలబడేది. జల్లు పడితే ఇద్దరూ తడిసేవాళ్ళు. పెద్దమ్మ వాణ్ణి తొయ్యలేదు, వదిలి పోనూ లేదు. అలాంటి ఓపిక నేను మనుషుల్లో చూళ్ళేదు. నాలో అసలే చూళ్ళేదు. ఊరికే కూర్చోలేక నేను నా దువ్వెన తెచ్చుకుని దాని జూలు దువ్వేదాన్ని. నా పార్లర్‌కి వచ్చినవాళ్ళెవరూ అంత బుద్ధిగా దువ్వించుకోలేదు, తర్వాత అద్దం చూసి వంకలూ పెట్టలేదు.

ఒక ఉదయం నేను చిక్కు తీస్తుంటే పెద్దమ్మ ముక్కుపుటాలు ఎగరేసి పెద్ద నిట్టూర్పు వదిలింది. అటుపక్క తమ్ముడు కూడా, తనకి తెలియకుండానే, బుస్సుమని ఊపిరి వదిలాడు. తాడు వదులైంది. పెద్దమ్మ అడుగు వేసింది. వాడూ వేశాడు. ఇద్దరూ ఆ జాగా చుట్టూ నడుస్తూనే ఉన్నారు. వాడు తన చేతిని ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు. నేను దువ్వెన పట్టుకుని అక్కడే ఏడ్చాను. సిగ్గేముంది, సంతోషమేసింది.

అయితే నడక మొదలైతే సరిపోదుగా, ముగియాలి కూడా. గుర్రాన్ని నడిపించేవాడే నోటితో చెప్పి నిలబెట్టాలి. డాక్టరమ్మ వాడితో తిన్నగానే అంది. "పెద్దమ్మకి తెలిసిన మాట ఒక్కటే. నీకూ తెలుసు."

వాడు తల అడ్డంగా ఊపాడు. "నేననను డాక్టరమ్మా. అన్నా వినదు."

"సరే. నువ్వు అనేదాకా నేనే వచ్చి దాని భుజం మీద చెయ్యి వేస్తాను. తొందరేం లేదు. తొందరంటే ఏమిటో దీనికసలు తెలీదు."

అక్కడితో ఊరుకుంటే మేమెలా అవుతాం? ఇంటికి వచ్చాక మా ఆయన మంచి ఆలోచన చెప్పారు. ఆ క్షణాన అది నిజంగా మంచి ఆలోచనలాగే ఉంది. "మనింట్లో ఇంతమందిమి మాట మార్చుకున్నాం. గుర్రం మార్చుకోలేదా? దానికి ఇంకో మాట నేర్పేస్తే సరి, వాడికి బాధ తప్పుతుంది."

బాగా ఆలోచించి 'ఉండు' అన్న మాట ఎంచుకున్నాం. తమ్ముడు షెడ్డు కడుగుతున్నప్పుడు, డాక్టరమ్మ పశువుల్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు, గుట్టు చప్పుడు కాకుండా పాఠం మొదలుపెట్టాం. ఆయన పగ్గం పట్టుకుని నడిపించేవారు. నేను ఎదురుగా నిలబడి "ఉండు" అనేదాన్ని, అది నా ముందుకొచ్చి నిలబడగానే క్యారెట్టు ముక్క పెట్టేదాన్ని. పెద్దమ్మ నేర్చుకున్న వేగం చూడాలి! కొద్దిరోజుల్లోనే, నేను "ఉండు" అన్నానో లేదో, చెవులు నిక్కబొడుచుకుని వచ్చి నా ముందు నిలబడేది.

"నా క్లాసులో ఇలాంటి విద్యార్థి ఒక్కడూ లేడే" అని మా ఆయన పొంగిపోయారు.

వానలు పలచబడుతున్నాయి. ఒక ఆదివారం మరదలు మా ఇంటికి కాకుండా తిన్నగా షెడ్డుకే వచ్చింది, పిల్లతో. మర్నాడు పోస్టాఫీసులో జవాబు చెప్పాలి. అడిగి విసిగించే మనిషి కాదు. "వెళ్ళే మాటే అయితే, వెళ్ళేముందు ఒకసారి ఆయన నడవడం చూసిపోతాను వదినా" అంది. పిల్ల కంచె దాటి లోపలికి రాకూడదని తమ్ముడు షరతు పెట్టాడు. నేను కంచె బయట చిట్టి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. రెండో చేత్తో అది నా సంచీలో క్యారెట్టు దొరకబుచ్చుకుంది.

తమ్ముడు లోపల పెద్దమ్మతో నడుస్తున్నాడు. తాడు వదులుగా వేలాడుతోంది. మరదలు కంచె కర్ర మీద గడ్డం ఆనించి చూస్తోంది. "చెయ్యి విప్పారు వదినా" అంది మెల్లగా. నేను ఆమె వైపు తిరిగాను. ఆ కాస్తలోనే చిట్టి నా చెయ్యి విదిలించుకుని, కంచె కింద నుంచి దూరి, "నాన్నా, క్యారెట్టు!" అంటూ జాగా మధ్యకి పరిగెత్తింది.

"ఉండు!" అని అరిచాను. "ఉండవే!"

నేనన్నది పిల్లతో. విన్నది పెద్దమ్మ. చెవులు నిక్కబొడిచి, మెడ తిప్పి, తిన్నగా మా వైపు అడుగులు వేసింది. మాకూ దానికీ మధ్య చిట్టి. ఇది చూసి మా ఆయన అటు పక్క నుంచి "ఉండు! ఉండు!" అని గుర్రానికి కేకలు పెట్టారు. కేక కేకకీ పెద్దమ్మ ఉత్సాహం పెరిగింది. అడుగులు కాస్తా పరుగయ్యాయి. జన్మలో గెలవని పందెం ఆ పూట మా క్యారెట్టు కోసం గెలిచేలా ఉంది. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. నోరు మూసుకోవడం నాకు ఎప్పుడు చేతనైంది? "ఉండు, ఉండు" అంటూనే ఉన్నాను.

తమ్ముడి చెయ్యి బిగుసుకుంది. తాడు బిర్రుగా సాగింది, పెద్దమ్మ తల విదిలించుకుని ముందుకే పోయింది. వాణ్ణీ లాక్కుపోతోంది. ఎదురుగా పిల్ల క్యారెట్టు పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది, ముఖమంతా నవ్వు. నేను వాడి ముఖం చూశాను, చూడలేకపోయాను. చేతికేసి చూశాను. ఆ చెయ్యి విప్పుకుంది. తాడు జారి వదులైంది.

"ఆగు" అన్నాడు.

అరవలేదు. పక్కనున్నవాళ్ళతో మాట్లాడినట్టే అన్నాడు. పెద్దమ్మ ఎత్తిన కాలు కిందపెట్టి, అక్కడే నిలబడిపోయింది. చిట్టి చెయ్యి చాపి క్యారెట్టు పెట్టింది. అది వేలాడే పెదవితో అందుకుని నమిలింది. నమిలిన చప్పుడు మాకందరికీ వినబడింది.

"ఆగింది" అన్నాడు వాడు. నాకేసి తిరిగాడు. "అక్కా, ఆగింది."

అని ఆ బురదలోనే కూలబడ్డాడు.

డాక్టరమ్మ షెడ్డులోంచి వచ్చి, ఏమీ అడక్కుండా పగ్గం అందుకుంది. మరదలు కంచె దాటి వెళ్ళి, కట్టుకున్న మంచిబట్టలతోనే వాడి పక్కన బురదలో కూర్చుంది. నేను చిట్టిని దగ్గరికి లాక్కున్నాను. వాడు నేలకేసి చూస్తూ మొదలుపెట్టాడు. ఇన్ని వారాలుగా డాక్టరు గదిలో చెప్పనిది, మాకెవ్వరికీ చెప్పనిది.

"ఆయన చెయ్యెత్తాడు. బస్సుని ఆపడానికి ఎత్తుతామే, అలా. కంగారు కూడా పడలేదు. నేను ఆపుతాననుకున్నాడు. అంత నమ్మకంగా నన్నే చూశాడు."

మరదలు "మీరు ఏడవకండి" అనలేదు, "మీ తప్పేం లేదు" అనలేదు. "చెప్పండి, వింటున్నాను" అంది. వాడు చెప్పాడు. ఆయన చొక్కా రంగు, సైకిలుకి తగిలించిన సంచీ, అన్నీ. ఆమె చివరిదాకా వింది. ఈ ఇద్దర్నీ చూస్తూ, నా జన్మలో మొదటిసారి, నాకు మధ్యలో మాట్లాడాలనిపించలేదు.

డాక్టరమ్మ పెద్దమ్మని కట్టేసి మా దంపతుల దగ్గరికి వచ్చింది. "నా గుర్రానికి కొత్త భాష ఎవరు నేర్పారు?"

మా ఆయన ఆకాశం వంక చూశారు. "వాన వచ్చేలా ఉందండీ."

"ఉండు అంటే 'రా, తినిపోదువుగాని' అని నేర్పారు మీరు" అంది ఆమె. కోపంగానే మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి నవ్వేసింది. పిల్ల దగ్గరికి రాగానే పెద్దమ్మ ఎలాగూ నిలబడేదేననీ, పిల్లల్ని తొక్కే గుర్రం కాదనీ తర్వాత నాతో విడిగా చెప్పింది. కావచ్చు. గుర్రం సంగతి ఆమెకే బాగా తెలుసు.

మర్నాడు మరదలు పోస్టాఫీసులో బదిలీ వద్దని చెప్పేసింది. వాడింకా ఇంటికి వస్తానని అననే లేదు. పిల్లని దగ్గరికి తీసుకోనూ లేదు. వస్తాడన్న భరోసా ఎవరిచ్చారని అడిగితే, "ఎవరూ ఇవ్వలేదు వదినా, నేనే అనుకున్నాను" అంది. మా మరదలికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఆ తర్వాత వాడు మాట్లాడించే డాక్టరు దగ్గర నిజంగానే మాట్లాడాడు. పెద్దమ్మ దగ్గరికి మాత్రం మానలేదు. నడిపించేవాడు, ఆగమనేవాడు, అది ఆగేది. మళ్ళీ నడిపించేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అది విసుక్కోకుండా ఆగేది. మేము చేసిన నిర్వాకానికి దాని చేత 'ఉండు' మరిపించడానికి డాక్టరమ్మకి చాలా క్యారెట్లే ఖర్చయ్యాయి. ఇంజను మళ్ళీ ఎక్కుతాడా లేదా అన్నది ఇంకా తేలలేదు, ఎవరమూ అడగలేదు. ఒక సాయంత్రం భోంచేస్తూ, "ఆదివారం వెళ్తానక్కా" అన్నాడు. ఎక్కడికని అడగబోయిన మా ఆయన్ని బల్ల కింద కాలితో తన్నాను.

ఆదివారం మరదలూ చిట్టీ వచ్చారు తీసుకెళ్ళడానికి. పార్లర్‌లో కుర్చీ ఖాళీ లేదు. నేను ఒకావిడ కనుబొమకి దారం వేస్తూ కిటికీలోంచి చూస్తున్నాను. తమ్ముడు సంచీ భుజాన వేసుకుని గేటు తీశాడు. చిట్టి కాళ్ళకి కొత్త తెల్లబూట్లు. గేటు తీసీ తియ్యగానే అది వీధిలోకి తుర్రుమంది. ముందు రాత్రి కురిసిన వానకి వీధి మధ్యలో ఇంత నీటిగుంట ఉంది.

"ఆగు!"

వీధంతా వినబడేలా అరిచాడు. నా చేతిలో దారం తెగింది. కుర్చీలో ఆవిడ ఒక కనుబొమ తీరుగా, ఒకటి గుబురుగా లేచి కూర్చుంది. "అదేమిటండీ, మీరే అనకూడదన్నారుగా?" అంటోంది. నేను వింటే కదా.

చిట్టి వెనక్కి తిరిగి చూసింది. నవ్వింది. రెండు కాళ్ళతో ఎగిరి గుంటలోకి దూకింది.

వాడు ఆగమన్నాడు, అది ఆగలేదు. ఇన్ని నెలల కష్టమూ ఆ గుంటలో కలిసిందనే అనుకున్నాను. వాడు గేటు దగ్గర ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత సంచీ అక్కడే పడేసి పరిగెత్తాడు. గుంటలోకి దిగి, ఆ బురద కాళ్ళతో సహా, రెండు చేతులా దాన్ని ఎత్తేసుకున్నాడు.

"ఆగమంటే ఆగవేమే?" అన్నాడు, రొప్పుతూ.

"నేనేమన్నా గుర్రాన్నా?" అంది అది.

వాడు నవ్వాడో ఏడ్చాడో నాకు సరిగా కనబడలేదు, కిటికీ అద్దం తుడిచి చాలా రోజులైంది. మరదలు వంగి సంచీ తీసుకుంది. వాడి చొక్కా నిండా బురద. పిల్లని మాత్రం దించలేదు. వీధి చివర ఆటో దాకా ఎత్తుకునే వెళ్ళాడు.